పడుకునే గదిలోనే రాత్రంతా రెండర్ నడవాలంటే: చప్పుడు చేయని కంప్యూటర్‌కు పార్టులు ఎలా ఎంచుకోవాలి

మా పాపకు ఎనిమిది నెలలప్పటి మాట. ఇంటి నుంచే బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో యానిమేషన్ పనులు చేసేవాణ్ణి. హైదరాబాద్‌లో రెండు గదుల అద్దె ఇల్లు. పడుకునే గదే నా ఆఫీసు. పగలంతా సీన్ సిద్ధం చేసుకుని రాత్రి పదకొండింటికి రెండర్ (సీన్‌ను చివరి బొమ్మలుగా మార్చే పని) పెట్టేవాణ్ణి. రెండు నిమిషాలు గడిచేసరికి క్యాబినెట్‌లో ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా హోరెత్తేవి, పాప ఉలిక్కిపడి లేచేది. మా ఆవిడ ఒక్క మాట అనకుండా బిడ్డను భుజాన వేసుకుని హాల్లోకి వెళ్లిపోయేది. ఆ మెషీన్‌లో, డబ్బా మీద ‘సైలెంట్’ అని రాసి ఉన్న పార్టులే నాలుగు ఉన్నాయి.

తర్వాతి మెషీన్ కట్టేటప్పుడు పార్టుల పేర్లు పక్కనపెట్టి మొదట వాట్లు లెక్క వేశాను. చిప్ లాగే కరెంటంతా చివరికి వేడే అవుతుంది. ఆ వేడిని బయటికి తోలడానికే ఫ్యాన్ తిరుగుతుంది. వేడి ఎంత తక్కువ పుడితే ఫ్యాన్‌కు అంత తక్కువ పని. ఇప్పుడు అదే గదిలో రాత్రంతా రెండర్ నడుస్తోంది, పాప హాయిగా నిద్రపోతోంది. రెండరింగ్, గేమింగ్ రెండూ చేసే మెషీన్ కట్టుకోబోయే మీకోసం, నేను ఏ వరుసలో ఆలోచించానో ఆ వరుసలోనే చెబుతాను. వరుస మారిస్తే, అంటే ముందు క్యాబినెట్ కొనేసి ఆ తర్వాత మిగతావి చూసుకుంటే, డబ్బు వృథా అవుతుంది.

1. ముందు మీ గదిని వినండి

ఒక రాత్రి కంప్యూటర్ ఆపేసి ఐదు నిమిషాలు గదిలో ఊరికే కూర్చోండి. సీలింగ్ ఫ్యాన్ ఎంత చప్పుడు చేస్తోంది? ఏసీ లోపలి యూనిట్? పక్కింటి మోటారు? మన ఇళ్లలో ఏడాదిలో ఎక్కువ నెలలు సీలింగ్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. మీ కంప్యూటర్ చప్పుడు ఆ ఫ్యాన్ చప్పుడు కంటే కాస్త తక్కువ ఉంటే చాలు, చెవికి ఆనదు. అక్కడి నుంచి ఇంకా ఐదారు డెసిబెల్స్ తగ్గించడానికి వేలకు వేలు పోయాల్సిన పని లేదు. అదే గదిలో మైకు పెట్టి వాయిస్ రికార్డ్ చేసేవాళ్లయితే మాత్రం లెక్క వేరు. ఫ్యాన్, ఏసీ రెండూ ఆపేస్తారు కాబట్టి అప్పుడు వినిపించేది కంప్యూటర్ ఒక్కటే.

డెసిబెల్ లెక్క గురించి ఒక్క విషయం గుర్తుంచుకోండి. 10 డెసిబెల్స్ పెరిగితే మన చెవికి చప్పుడు దాదాపు రెట్టింపయినట్టు ఉంటుంది. 40 నుంచి 30కి తేవడమంటే పావు వంతు తగ్గించడం అనుకుంటారు చాలామంది, వినడానికి అది సగం.

చప్పుడు తీరు కూడా ముఖ్యమే. ఒకే తీరుగా, మెత్తగా సాగే గాలి చప్పుడుకు పది నిమిషాల్లో అలవాటు పడిపోతాం. నిద్ర చెడగొట్టేది పెరుగుతూ తగ్గుతూ ఉండే హోరు, సన్నగా కీచుమనే శబ్దం. పాప లేచింది కూడా హోరు పెద్దదై కాదు, నిశ్శబ్దంలోంచి ఒక్కసారిగా లేచినందుకు.

2. మీ పని ఏ చిప్ మీద పడుతుందో తేల్చుకోండి

బ్లెండర్ సైకిల్స్, ఆక్టేన్, రెడ్‌షిఫ్ట్ లాంటి రెండర్ సాఫ్ట్‌వేర్లు గ్రాఫిక్స్ కార్డ్ మీద రెండర్ చేయగలవు. అప్పుడు కార్డ్ గంటల తరబడి ఫుల్లుగా పనిచేస్తుంది, ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉంటుంది. ప్రాసెసర్ మీద రెండర్ చేసే పద్ధతిలో ఇది పూర్తిగా తిరగబడుతుంది. ఆటల్లో భారం ఎక్కువగా కార్డ్ మీదే, కానీ సీన్‌ను బట్టి ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. రెండూ ఒకేసారి ఫుల్లుగా నడిచే సందర్భాలు మనలాంటివాళ్లకు తక్కువే. అందుకని రెండిట్లోనూ పెద్దదే కొనాలన్న ఆలోచన మానండి. మీ రెండర్ ఎక్కడ జరుగుతుందో అక్కడ డబ్బు పెట్టండి, రెండోది మధ్య రకం తీసుకోండి.

ఇప్పుడు వాట్లకు ఒక గీత గీసుకోండి. పడుకునే గదికి నేను పెట్టుకున్న గీత, పనిలో ఉన్నప్పుడు మెషీన్ మొత్తానికి 400 నుంచి 450 వాట్లు. ఆర్టీఎక్స్ 5090 కార్డ్ ఒక్కటే 575 వాట్ల వరకు లాగుతుంది. దానికి ప్రాసెసర్, మిగతావి కలిపితే ఇస్త్రీ పెట్టెను గంటల తరబడి ఆన్‌లో ఉంచినంత వేడి. ఒక టన్ను ఏసీ తోడగలిగే వేడి దాదాపు 3.5 కిలోవాట్లు, అందులో ఐదో వంతు వరకు కంప్యూటరే తినేస్తుంది. మే నెలలో ఏసీ లేని గదిలో తలుపు వేసి అలాంటి మెషీన్ నడిపితే ఏ కూలరూ కాపాడలేదు. ఎందుకంటే కూలర్ చిప్‌ను గది గాలి కంటే చల్లగా చేయలేదు. గది 22 డిగ్రీలున్న జనవరిలో 70 దగ్గర ఆగిన కార్డ్, గది 38 ఉన్నప్పుడు అదే ఫ్యాన్ వేగంతో 85 దాటుతుంది. ఆ వేడి చూసి ఫ్యాన్లు వేగం పెంచుతాయి. చలి దేశాల్లో తీసిన రివ్యూ వీడియోల్లో నిశ్శబ్దంగా కనిపించిన మెషీన్ మన దగ్గర హోరెత్తడానికి కారణం ఇదే.

3. గ్రాఫిక్స్ కార్డ్

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. ఎక్కువ వేడి, ఎక్కువ చప్పుడు, ఎక్కువ ఖర్చు, మూడూ ఇక్కడే.

మొదట మెమరీ చూడండి. రెండర్ చేసే సీన్ కార్డ్ మెమరీలో పట్టకపోతే వేగం దారుణంగా పడిపోతుంది, లేదా రెండర్ మధ్యలో ఆగిపోతుంది. ఆటలకు 12 జీబీ సరిపోయినా, చెట్లు, జుట్టు, పెద్ద టెక్స్చర్లు ఉన్న సీన్లకు 16 జీబీ కంటే తక్కువ తీసుకోవద్దని నా మాట. 2025లో వచ్చిన కార్డుల్లో ఆర్టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ రకం 180 వాట్లు, ఆర్టీఎక్స్ 5070 టీఐ 16 జీబీ 300 వాట్లు, ఆర్టీఎక్స్ 5080 కూడా 16 జీబీయే కానీ 360 వాట్లు. ఏఎండీ ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీ 16 జీబీతో 304 వాట్లు. ఆటలకు ఏఎండీ కార్డ్ చక్కగా పనిచేస్తుంది. సైకిల్స్‌లో రెండర్ ప్రధానమైతే నేను ఎన్విడియా వైపే మొగ్గుతాను, ఆప్టిక్స్ అనే దాని సొంత రెండర్ పద్ధతిలో దాని వేగం వేరు. కొనేముందు బ్లెండర్ ఓపెన్ డేటా సైట్‌లో మీరు అనుకున్న కార్డుల స్కోర్లు తీసి, పక్కన వాట్లు రాసుకోండి. స్కోరును వాట్లతో భాగించండి. మీకు కావాల్సిన జవాబు ఆ అంకెలో ఉంటుంది.

5060 టీఐ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. అదే పేరుతో 8 జీబీ రకం కూడా ఉంది. బిల్లు మీద ఎన్ని జీబీలో చూసుకోండి.

రెండో సంగతి, అదే చిప్‌ను ఐదారు కంపెనీలు వేర్వేరు కూలర్లతో అమ్ముతాయి. చిన్నగా, సన్నగా, రెండు ఫ్యాన్లతో ఉన్నది చవక. లావుగా, మూడు ఫ్యాన్లతో మూడు స్లాట్లు ఆక్రమించేది నాలుగైదు వేలు ఎక్కువ. నిశ్శబ్దం కావాలంటే ఆ నాలుగైదు వేలు పెట్టండి. అదే 300 వాట్లను పెద్ద హీట్‌సింక్ (వేడిని పీల్చే లోహపు రేకుల దిమ్మె) నెమ్మదిగా తిరిగే ఫ్యాన్లతో సాగనంపుతుంది. ఓవర్‌క్లాక్ చేసి, అంటే మామూలు కంటే వేగం పెంచి అమ్మే రకానికి మాత్రం అదనంగా ఇవ్వకండి, ఆ రెండు మూడు శాతం వేగాన్ని మనం ఎలాగూ తగ్గించబోతున్నాం. కొన్ని కార్డుల మీద క్వైట్, పెర్ఫార్మెన్స్ అని చిన్న స్విచ్ ఉంటుంది. ఉంటే కొన్న రోజే దాన్ని క్వైట్ వైపు జరపండి. భారం లేనప్పుడు ఫ్యాన్లు పూర్తిగా ఆగిపోయే సదుపాయం ఇప్పుడు చాలా కార్డుల్లో ఉంది, అయినా స్పెసిఫికేషన్‌లో ఒకసారి చూసుకోండి.

రెండు చిన్న కార్డులు పెడదామన్న ఆలోచన వస్తే వదిలేయండి. 40, 50 సిరీస్ ఆర్టీఎక్స్ కార్డుల్లో రెండిటి మెమరీని కలిపే వీలు లేదు. పైగా కింది కార్డ్ వదిలే వేడి గాలిని పై కార్డ్ పీలుస్తుంది.

ఇక కాయిల్ వైన్ అనే విజిల్. కార్డ్ మీదుండే చిన్న కాయిల్స్ కరెంటు మారుతున్నప్పుడు సన్నగా వణికి ‘గీ’ మంటాయి. ఇది ఫ్యాన్‌కు సంబంధం లేని చప్పుడు, ఏ కంపెనీ కార్డ్‌కైనా రావచ్చు. ఒకే మోడల్‌లో ఒకదానికి వస్తుంది, ఇంకోదానికి రాదు. అందుకే వాపసు తీసుకునే షరతులు ముందే మాట్లాడుకుని కొనండి. ఆట మెనూలో సెకనుకు ఆరు వందల ఫ్రేములు పరుగెత్తుతున్నప్పుడు ఇది బాగా వినిపిస్తుంది. 144 హెర్ట్జ్ మానిటరైతే డ్రైవర్ సెట్టింగుల్లో ఫ్రేములను 140 దగ్గర కట్టేయండి. విజిల్, వేడి రెండూ తగ్గుతాయి.

4. ప్రాసెసర్

రెండర్ కార్డ్ మీద జరిగితే ఎనిమిది కోర్లు చాలు. ఏఎండీ రైజెన్ 7 9700ఎక్స్ 65 వాట్ల తరగతి చిప్, ఫుల్ భారంలోనూ 88 వాట్లు దాటదు. మామూలు కూలర్‌తోనే నిశ్శబ్దంగా నడుస్తుంది. ఆటల మీద మక్కువ ఎక్కువైతే రైజెన్ 7 9800ఎక్స్3డీ తీసుకోండి. 120 వాట్ల తరగతే అయినా ఆటల్లో అంతవరకు వెళ్లడం అరుదు.

ప్రాసెసర్ మీదే రెండర్ చేసేవాళ్లకు, సిమ్యులేషన్లు ఎక్కువగా ఉన్నవాళ్లకు పదహారు కోర్ల రైజెన్ 9 9950ఎక్స్ లాంటిది కావాలి. డబ్బాలోంచి తీసి పెడితే అది 230 వాట్ల వరకు వెళ్తుంది. బయోస్‌లో (మదర్‌బోర్డ్ సెట్టింగుల మెనూ) ఎకో మోడ్‌లో 105 వాట్ల ఎంపిక పెడితే పరిమితి 142 వాట్లకు దిగుతుంది. వాట్లు 38 శాతం తగ్గినా రెండర్ వేగం పదో వంతుకు అటూ ఇటూగానే తగ్గుతుంది. చిప్పులన్నిటిదీ ఇదే స్వభావం. చివరి పది శాతం వేగం కోసం విపరీతంగా కరెంటు తాగుతాయి. కంపెనీలు పోటీలో ముందుండాలని ఆ చివరి అంచు దాకా నెట్టి అమ్ముతాయి. మనం ఒక మెట్టు వెనక్కి తీసుకుంటే చాలు.

ఇంటెల్‌లో సెకండ్ హ్యాండ్‌లో 13, 14 తరాల కోర్ ఐ7, ఐ9 చిప్పులు చవకగా దొరుకుతాయి. వాటిలో నిలకడ లోపం ఉందని ఇంటెల్ 2024లో ఒప్పుకుని మైక్రోకోడ్ (చిప్‌ను నడిపే లోపలి కోడ్) సవరణలు ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. అప్పటికే పాడైన చిప్‌ను ఆ సవరణ బాగుచేయదు. పైగా 14900కే 253 వాట్ల చిప్. నిశ్శబ్దం కోరుకునేవాళ్లకు నేను చెప్పను.

5. కూలర్, ఫ్యాన్లు

లెక్క ఒకటి చూడండి, తర్వాత కొనే ప్రతి ఫ్యాన్‌కూ పనికొస్తుంది. ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే గాలి సగమవుతుంది, చప్పుడు మాత్రం దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది. అలాంటి ఫ్యాన్లు రెండు పెడితే గాలి మళ్లీ మొదటంత అవుతుంది, చప్పుడు 3 డెసిబెల్సే పెరుగుతుంది. అంటే అదే గాలి, 12 డెసిబెల్స్ తక్కువ చప్పుడుతో. రయ్యిమని తిరిగే ఒక్క ఫ్యాన్ కంటే మెల్లగా తిరిగే మూడు ఫ్యాన్లు మేలు. 120 మిల్లీమీటర్లు పట్టేచోట 140 పడుతుందంటే 140 పెట్టండి.

ప్రాసెసర్‌కు వాటర్ కూలరా, ఎయిర్ కూలరా అన్నది అందరూ అడిగే ప్రశ్న. 150 వాట్ల లోపు చిప్‌కు నా ఓటు ఎయిర్ కూలర్‌కే. వాటర్ కూలర్‌లో పంపు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, ఖాళీగా ఉన్నప్పుడు కూడా దాని గుంయ్‌మనే శబ్దం వినిపిస్తుంది. రేడియేటర్‌కు ఎలాగూ ఫ్యాన్లు కావాలి. ఎయిర్ కూలర్‌లో పాడయ్యేది ఫ్యాన్ ఒక్కటే, దాన్ని మార్చుకుంటే సరి. థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈ తక్కువ ధరలో దొరికే మంచి రెండు టవర్ల కూలర్, ఎత్తు 155 మిల్లీమీటర్లు. డబ్బు ఉంటే ఆస్ట్రియా కంపెనీ నాక్టువా వారి ఎన్‌హెచ్-డీ15 జీ2 ఉంది, ఎత్తు 168 మిల్లీమీటర్లు. ఈ ఎత్తులు ఎందుకు చెబుతున్నానంటే, క్యాబినెట్ పక్క తలుపు పడాలి కదా. కొనేముందు క్యాబినెట్ స్పెసిఫికేషన్‌లో కూలర్ ఎత్తు పరిమితి చూసుకోండి.

క్యాబినెట్ ఫ్యాన్లలో ఆర్కిటిక్ పీ12, పీ14 చవకగా దొరుకుతూ బాగా పనిచేస్తాయి. ఏ కంపెనీదైనా నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం రకమే తీసుకోండి, వేగం మన చేతిలో ఉంటుంది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో ఫ్యాన్లు అడుగుతుంటే షాపులో అబ్బాయి, “అన్నా, ఇది తీస్కో, ఆరు ఆర్‌జీబీ ఫ్యాన్లు ఒకే డబ్బాలో, రేటు కూడా తక్కువే” అని ఒక సెట్ చూపించాడు. వెనక వైర్ చూస్తే పెద్ద మోలెక్స్ పిన్ను. అలాంటి ఫ్యాన్లు నేరుగా ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) నుంచి కరెంటు తీసుకుని ఎప్పుడూ ఫుల్ స్పీడ్‌లోనే తిరుగుతాయి. మదర్‌బోర్డ్‌కు వాటి వేగం తగ్గించే దారే ఉండదు. లైట్లు కావాలంటే పెట్టుకోండి, తప్పు లేదు. వైర్ చివర ఏ పిన్ను ఉందో చూడకుండా మాత్రం కొనకండి.

6. క్యాబినెట్

నేను మొదటిసారి పొరబడింది ఇక్కడే. ముందంతా మూసేసి, లోపల స్పాంజ్ అతికించిన క్యాబినెట్ అయితే చప్పుడు బయటికి రాదనుకున్నాను. గ్రాఫిక్స్ కార్డ్ 300 వాట్లు లోపల వదులుతుంటే గాలి రావడానికి దారి లేక ఫ్యాన్లు రెట్టింపు వేగంతో తిరిగాయి. స్పాంజ్ ఆపిన చప్పుడు కంటే అదనంగా పుట్టిన చప్పుడే ఎక్కువ. మూసిన క్యాబినెట్ తక్కువ వాట్ల ఆఫీసు మెషీన్‌కు బాగుంటుంది. మన ఎండల్లో, మన పనికి ముందు జాలీ ఉన్నదే తీసుకోండి.

స్వీడన్ కంపెనీ ఫ్రాక్టల్ డిజైన్ వారి నార్త్‌కు ముందు చెక్క పట్టీలు, వాటి మధ్య గాలికి దారి ఉంటాయి. ఇంట్లో పెట్టుకోవడానికి అందంగా ఉంటుంది. అదే కంపెనీ టోరెంట్‌లో ముందు రెండు 180 మిల్లీమీటర్ల ఫ్యాన్లు వస్తాయి, గాలి విషయంలో దానికి సాటి తక్కువ. అంత బడ్జెట్ లేకపోతే ఏ కంపెనీదైనా సరే, మూడు గుర్తులు చూడండి: ముందు జాలీ, తీసి కడుక్కోగలిగే డస్ట్ ఫిల్టర్, 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లకు చోటు. రేకు మరీ పల్చగా ఉంటే ఫ్యాన్‌తో పాటు వణుకుతుంది. పక్క తలుపును వేలితో కొట్టి చూడండి, టంగుమని మోగితే ఇంకోటి చూడండి.

ముందు నుంచి లోపలికి రెండో మూడో ఫ్యాన్లు, వెనక నుంచి బయటికి ఒకటి. లోపలికి వచ్చే గాలి ఎక్కువగా ఉంటే దుమ్ము ఫిల్టర్ల దగ్గరే ఆగుతుంది, సందుల్లోంచి దూరదు. వెనక ఖాళీ స్లాట్లకు రేకులు తప్పకుండా బిగించండి. వెచ్చగా ఉంటుందని బల్లులు దూరతాయి.

7. మిగతావి, త్వరగా

ఎస్‌ఎంపీఎస్: పనిలో మీ మెషీన్ 450 వాట్లు లాగితే 850 వాట్లది తీసుకోండి. సగం భారంలో దాని సామర్థ్యం బాగుంటుంది, లోపల వేడి తక్కువ. తక్కువ భారంలో ఫ్యాన్ ఆగిపోయే రకం ఎంచుకోండి. 80 ప్లస్ గోల్డ్ అన్న ముద్ర సామర్థ్యం గురించే చెబుతుంది, చప్పుడు గురించి చెప్పదు. చప్పుడుకు సైబెనెటిక్స్ అనే సంస్థ విడిగా గ్రేడ్ ఇస్తుంది, అందులో ఏ++ అన్నిటికంటే నిశ్శబ్దమైనది. కొత్త ఆర్టీఎక్స్ కార్డులకు సన్నటి పిన్నుల కేబుల్ వస్తుంది. దాన్ని చివరిదాకా, మధ్యలో సందు కనబడకుండా నొక్కండి. సగం దూరిన కేబుళ్లు కాలిపోయిన ఉదాహరణలు 2022 నుంచి ఉన్నాయి.

యూపీఎస్: 600 వీఏ డబ్బా ఈ మెషీన్‌ను మోయలేదు. 1 కేవీఏ అంటే చాలా మోడళ్లలో 600 వాట్లే. వాట్ల అంకె చూసి కొనండి, దాని ఫ్యాన్ కూడా చప్పుడు చేస్తుందేమో విని చూడండి.

డిస్కులు: క్యాబినెట్‌లో తిరిగే హార్డ్ డిస్క్ పెట్టకండి. 7200 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) డిస్క్ సెకనుకు 120 సార్లు తిరుగుతుంది, ఆ వణుకు రేకు మొత్తానికి పాకి సన్నని మూలుగు వస్తుంది. పనికి తిరిగే భాగాలు లేని ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, పాత ప్రాజెక్టులకు వేరే గదిలో రూటర్ పక్కన పెట్టిన నాస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు దాచే డబ్బా). ఎస్‌ఎస్‌డీ జెన్4 చాలు. జెన్5 రకాలు బాగా వేడెక్కుతాయి, కొన్నిటికి వేలెడంత ఫ్యాన్ కూడా ఉంటుంది, అది కీచుమంటుంది.

మదర్‌బోర్డ్: 2019 నాటి ఎక్స్570 బోర్డులు చాలావాటి మీద చిప్‌సెట్ కోసం చిన్న ఫ్యాన్ ఉండేది. సెకండ్ హ్యాండ్ కొంటే అది లేనిదే చూడండి. కొత్త బీ650, బీ850 బోర్డులకు ఆ బాధ లేదు. ఫ్యాన్ వైర్లు గుచ్చే హెడర్లు కనీసం నాలుగు ఉండాలి.

ర్యామ్: సీన్ల సైజును బట్టి 32 లేదా 64 జీబీ. చప్పుడుతో సంబంధం లేదు. ఎత్తుగా ఉండే అలంకారపు ర్యామ్ పెద్ద ఎయిర్ కూలర్‌కు అడ్డు తగులుతుంది, మామూలు ఎత్తుది తీసుకోండి.

8. సెట్టింగులు: సగం నిశ్శబ్దం ఇక్కడే

పార్టులన్నీ సరైనవే కొన్నా, మొదటిసారి ఆన్ చేసినప్పుడు చప్పుడు చేస్తుంది. కంగారు పడకండి.

ముందు గ్రాఫిక్స్ కార్డ్. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏ కంపెనీ కార్డ్‌కైనా పనిచేస్తుంది. అందులో పవర్ లిమిట్ అనే గీత ఉంటుంది. మీ సొంత సీన్‌లోంచి ఒక ఫ్రేము తీసుకుని 100, 90, 80, 70 శాతాల దగ్గర ఒక్కోసారి రెండర్ చేయండి. ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీసి సమయం, వేడి, ఫ్యాన్ వేగం, చెవికి ఎలా ఉందో రాయండి. 80 దగ్గర సమయం కొద్దిగా పెరిగి, ఫ్యాన్ వేగం బాగా పడిపోవడం మీకే కనిపిస్తుంది. రాత్రి రెండర్‌కు ఆ కొద్ది నిమిషాల తేడా లెక్కలోకి రాదు, మీరు లేచేసరికి అయిపోతుంది. రాత్రికి ఒక ప్రొఫైల్, పగటి ఆటలకు ఇంకో ప్రొఫైల్ దాచుకోండి.

తర్వాత క్యాబినెట్ ఫ్యాన్లు. చాలామందికి తట్టని సంగతి ఇది. మదర్‌బోర్డ్ మామూలుగా ప్రాసెసర్ వేడిని చూసే క్యాబినెట్ ఫ్యాన్లను నడుపుతుంది. కార్డ్ మీద రెండర్ జరుగుతుంటే ప్రాసెసర్ చల్లగా ఉంటుంది. అంతా బాగానే ఉందనుకుని క్యాబినెట్ ఫ్యాన్లు మెల్లగా తిరుగుతాయి. లోపల కార్డ్ మాత్రం తాను వదిలిన వేడి గాలినే మళ్లీ పీలుస్తూ తన ఫ్యాన్లను పెంచుకుంటూ పోతుంది. నా పాత మెషీన్‌లో హోరంతా దీనివల్లే. ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత విండోస్ సాఫ్ట్‌వేర్ వేసుకుని, క్యాబినెట్ ఫ్యాన్లను ప్రాసెసర్ వేడి, కార్డ్ వేడి రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి కట్టండి. క్యాబినెట్ ఫ్యాన్లు 600 నుంచి 800 ఆర్‌పీఎంకి పెరిగితే చెవికి తెలియదు, కార్డ్ ఫ్యాన్లు మాత్రం వందల ఆర్‌పీఎం దిగుతాయి.

ఎంత వేడికి ఫ్యాన్ ఎంత వేగంతో తిరగాలో చెప్పే ఫ్యాన్ గీతను నిటారుగా పెట్టకండి. 60 డిగ్రీల దాకా 30 శాతం, 75 దగ్గర 50, 85 దగ్గర 75, ఇలా మెల్లగా ఎక్కించండి. వేడి మారిన వెంటనే ఫ్యాన్ ఎగబడకుండా ఐదారు సెకన్ల ఆలస్యం పెట్టండి. బ్రౌజర్ తెరిచినప్పుడల్లా రయ్యిమని లేచి పడిపోయే జబ్బు దీంతో పోతుంది. ప్రాసెసర్ 80 చూపిస్తే భయపడొద్దు, రైజెన్ 9950ఎక్స్‌కు ఏఎండీ పెట్టిన పరిమితే 95 డిగ్రీలు.

ఇన్ని చేశాక కూడా నా మెషీన్‌లో ఒక మూలుగు మిగిలింది. వస్తోంది, పోతోంది. ఒక రాత్రి దినపత్రికను గొట్టంలా చుట్టి ఒక కొస చెవికి, రెండో కొస ఒక్కో ఫ్యాన్ దగ్గర పెట్టుకుంటూ వెళ్లాను. వెనక ఫ్యాన్ దగ్గరికి వచ్చేసరికి దొరికింది. 1000 ఆర్‌పీఎం దగ్గర ఆ ఫ్యాన్, వెనక రేకు ఒకే శ్రుతిలో వణుకుతున్నాయి. 900 దగ్గర లేదు, 1100 దగ్గర లేదు. గీతలో ఆ మధ్య భాగం తగలకుండా 900 నుంచి నేరుగా 1100కి దూకేలా మార్చాను. స్క్రూల స్థానంలో రబ్బరు పిన్నులు వేశాను. మూలుగు పోయింది. మీ మెషీన్‌లోనూ ఇలాంటి వేగం ఒకటి ఉండవచ్చు. ప్రతి ఫ్యాన్‌ను ఒంటరిగా, 400 నుంచి వంద వంద పెంచుకుంటూ విని రాసుకోండి, గంటసేపటి పని.

9. ఎక్కడ పెట్టాలి

కంప్యూటర్ టేబుల్‌కు వడ్రంగి చేసిచ్చే మూసిన చెక్క అర ఉంటుంది చూడండి, సీపీయూ పెట్టడానికని. అందులో పెట్టొద్దు. వెనక నుంచి వచ్చిన వేడి గాలి అక్కడే తిరిగి ముందు నుంచి లోపలికి పోతుంది. పెట్టాల్సి వస్తే వెనక పలక పూర్తిగా తీయించండి. నేల మీద పెడితే దుమ్ము ఎక్కువ, బల్ల మీద పెడితే చెవికి దగ్గర. జానెడు ఎత్తున్న చిన్న పీట మీద, టేబుల్ కింద, గోడకు జానెడు దూరంలో పెట్టడం నాకు కుదిరింది. పీటకు, క్యాబినెట్‌కు మధ్య పాత యోగా మ్యాట్ ముక్క వేస్తే వణుకు నేలకు పాకదు.

వీలుంటే మెషీన్‌నే గది బయట పెట్టండి. 3 మీటర్ల డిస్‌ప్లే పోర్ట్ కేబుల్ మంచిదైతే చక్కగా పనిచేస్తుంది, అంతకంటే దూరానికి ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుళ్లు ఉన్నాయి. వాయిస్ రికార్డ్ చేసేవాళ్లకు ఖరీదైన ఫ్యాన్లన్నిటికంటే ఇది మేలైన ఖర్చు.

ఫిల్టర్లు నెలకోసారి కడగండి. లోపల రెండు మూడు నెలలకోసారి బ్రష్‌తో దులపండి. వంటగది పక్క గదైతే నూనె ఆవిరికి దుమ్ము జిగటగా అంటుకుంటుంది, ఇంకా ముందే చూసుకోవాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టి ఉంచండి, గాలికి విపరీతంగా తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది.

చివరి పరీక్షను చలికాలంలో చేయకండి. మెషీన్ ఎప్పుడు కట్టినా, మే నెలలో ఒక మధ్యాహ్నం మూడింటికి ఏసీ ఆపి, తలుపు వేసి, గంటసేపు రెండర్ పెట్టండి. గంట చివర కార్డ్ వేడి, ఫ్యాన్ వేగాలు ఆ పాత కాగితం మీదే రాసుకోండి. ఫ్యాన్లు గీతలో పై కొసకు చేరి ఉంటే పవర్ లిమిట్ ఇంకో ఐదు శాతం దించి మళ్లీ గంట నడపండి. ఆ వేడిలో చెవికి ఆనకుండా నడిచిన అంకెను రాత్రి ప్రొఫైల్‌గా దాచుకోండి.